ఏప్రిల్‌లో వెనక్కి తిప్పాలి

ఈలీ, మినెసోటా
1991 జనవరి 6

మార్లిస్‌కి,

క్షేమంగా చేరాను. దారిలో రెండుచోట్ల మంచు తవ్వుకోవలసి వచ్చింది. నువ్వు కట్టిచ్చిన హ్యామ్ రొట్టెలు ఉండగా నాకేం భయం? మొదటిది మీ ఊరు దాటకముందే అయిపోయింది. రెండోది డులుత్ దగ్గర తిన్నాను. మూడోది మా కుక్క తిన్నది. నా ఎడమచేతి ఊలు తొడుగు మీ ఇంట్లోనే ఉండిపోయింది. టెస్సా దాన్ని ఎలుగుబంటి బొమ్మకు టోపీ చేసి ఉంటుంది. ఉండనీ, ఐదేళ్ళ మేనకోడలికి మామయ్య ఆ మాత్రం ఇవ్వలేడా!

నీకు నామీద కోపంగా ఉందని తెలుసు. పండగ భోజనం దగ్గర మీ ఆయన్ని అలా అనకుండా ఉండవలసింది. కానీ నువ్వే చెప్పు, కారుకు రాసే గ్రీజు తెచ్చి గ్యారేజీ తలుపు పట్టాలకు ఎవరైనా పూస్తారా? చక్రాలు దొర్లే దారి అది. దుమ్మంతా పట్టి గట్టకట్టి కూర్చుంటుంది. ఇరవై ఆరేళ్ళుగా తలుపులు బిగించి బతుకుతున్నవాణ్ణి, చూసి ఊరుకోలేకపోయాను. "నువ్వు బళ్ళో పిల్లల చేత బాకాలు ఊదించుకో డ్వేన్, తలుపు జోలికి మాత్రం రాకు" అన్నాను. అందరూ నవ్వారు. డ్వేన్ కూడా నవ్వాడు. నవ్వాడు కదా?

ఇది రెండో కాగితం. చెరువు మీద మంచు పద్దెనిమిది అంగుళాలు గట్టిపడింది, మంచుకు కన్నం వేసి చేపలు పట్టే నా గుడిసెను దాని మీదికి లాగి నిలబెట్టాను. నిన్న నాలుగు చేపలు పడ్డాయి. వాటి సంగతి తర్వాత, ముందు ఇది చదువు. మీ తలుపు నేల తాకకముందే మళ్ళీ పైకి పోతోందని, రోజూ కారు దిగి దాన్ని తన్నవలసి వస్తోందని ఏడ్చావు కదా. చలికి కీళ్ళన్నీ బిగుసుకుని తలుపు బరువెక్కుతుంది. మోటారేమో ఏదో అడ్డం తగిలిందనుకుని వెనక్కి లాగేస్తుంది. అందుకని బయలుదేరే ముందు నిచ్చెన వేసుకుని, మోటారు వెనక ఉన్న తెల్ల నాబ్‌ను ఒకటిన్నర చుట్టు బిగించాను. కిందికి తోసే బలం దాని చేతిలో ఉంటుంది. ఇప్పుడు తలుపు చలిని లెక్కచేయకుండా దిగుతుంది. కానీ అడ్డం ఏమున్నా కూడా లెక్కచేయదు. మంచు కరగగానే, ఏప్రిల్‌లో, ఆ ఒకటిన్నర చుట్టూ వెనక్కి తిప్పాలి. డ్వేన్‌కు చెప్పు. తిప్పాక తలుపు దిగేచోట నేలమీద రెండంగుళాల చెక్క పడుకోబెట్టి బటన్ నొక్కమను. చెక్క తగలగానే తలుపు పైకి పోవాలి. పోకపోతే ఇంకా వదులు చేయాలి. అప్పటిదాకా టెస్సాను తలుపు కిందికి పోనీయకండి.

రొట్టెలకు మరోసారి థాంక్స్. కుక్క తరఫున కూడా.

మీ అన్నయ్య
ఆర్వో

* * *

బ్లేన్, మినెసోటా
జనవరి 20

అన్నయ్యా,

ఫోన్ చేద్దామనుకుని మళ్ళీ మానేశాను. పోయినసారి నేను పావుగంట మాట్లాడితే నువ్వు "ఆఁ, ఇక్కడా చలిగానే ఉంది" అన్నావు. నేను చెప్పింది టెస్సా పన్ను ఊడిన సంగతి. మోటార్ల రొదలో చెవులు పోగొట్టుకున్నవాడికి ఉత్తరమే నయం.

తలుపు భేషుగ్గా దిగుతోంది. కారులోంచే బటన్ నొక్కి వెళ్ళిపోతున్నాను. ఎదురింటి మిసెస్ ఆమ్‌స్టెడ్‌కు కళ్ళు కుట్టాయి, నువ్వు ఈసారి వస్తే వాళ్ళ తలుపు కూడా చూడాలట. ఆవిడ కేకు పెడుతుంది, కానీ తినకు.

నీ తలుపు పాఠం మొత్తం చదివాను. డ్వేన్‌కు చెప్తాలే. ఇప్పుడే మాత్రం కాదు. నవ్వాడు కదా అని అడిగావు. నవ్వాడు. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ రెండోసారి కడిగాడు. ఇప్పుడు గ్యారేజీలోకి వెళ్తే రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంటున్నాడు. "అలా నిలబడతావేం?" అంటే "ముట్టుకుంటే మీ అన్నయ్యకు కోపం వస్తుంది" అంటాడు. ఈ నెలలో నీ పేరు, తలుపు పేరు ఒకే మాటలో ఎత్తే ధైర్యం నాకు లేదు. ఏప్రిల్‌కు ఇంకా రెండు నెలల పైనే ఉంది.

ఊలు తొడుగు టోపీ కాలేదు, దుప్పటి అయ్యింది.

మార్లిస్

* * *

ఈలీ
ఏప్రిల్ 14

మార్లిస్‌కి,

నవ్వకుండా చదువుతానని మాటివ్వు. నిచ్చెన మీంచి పడ్డాను. అదీ నాలుగడుగుల ఎత్తు నుంచి, పనికి వెళ్ళినచోట ఇంటాయన, ఇంటావిడ, వాళ్ళ అత్తగారు, ఒక పిల్లి చూస్తుండగా. కుడి కాలు రెండుచోట్ల విరిగింది. తొడ దాకా పిండికట్టు. ఆగస్టు దాకా కారు నడపకూడదట, పని సంగతి సరేసరి. ఆస్పత్రిలో ఒక నర్సు నా వయసు అడిగి "యాభై మూడా!" అని నోరు తెరిచింది. నేనేం డెబ్భై అని చెప్పానా?

పక్కింటి ఇల్మీ రోజూ బంగాళాదుంపల చారు తెస్తోంది. శనివారం సౌనా ఆవిరి గదిలో కూర్చోలేకపోవడం అన్నిటికన్నా పెద్ద శిక్ష. కిటికీలోంచి చెరువు చూస్తూ కూర్చుంటున్నాను. మంచు అంచుల్లో నల్లబడింది, ఇవాళో రేపో విరుగుతుంది. గోక్కోవడానికి కట్టులోకి స్వెట్టర్లు అల్లే సూది దూర్చాను, అది లోపలే ఉండిపోయింది. డాక్టరుకు చెప్పకు.

టెస్సాకు ముద్దులు. దాన్ని ఒక బొమ్మ వేసి పంపమను, ఈ కట్టు మీద అంటిస్తాను.

కుంటి ఆర్వో

* * *

బ్లేన్
మే 27

అన్నయ్యా,

నీకు ఫోన్‌లో వినపడదని మీ ఊరి కిరాణా కొట్టుకు ఫోన్ చేయించి కబురు పెట్టాను, అందింది కదా. వాళ్ళు నీకు సగమే చెప్పి ఉంటారు. నేను కూర్చుని రాయడం ఇదే మొదలు.

పందొమ్మిదో తేదీ ఆదివారం డ్వేన్ స్నేహితుడితో చేపలకు బయలుదేరాడు. కాఫీ ఫ్లాస్కు వంటింటి బల్లమీద మర్చిపోయాడు. "నాన్నకు ఇచ్చిరా, పరుగెత్తు" అని నేనే టెస్సాను పంపాను. అది గ్యారేజీలోంచి పరుగెత్తింది. అప్పటికే ఆయన కారు వెనక్కి తీసి, రోడ్డువైపు చూసుకుంటూ, రిమోట్ నొక్కి, వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. తలుపు దాని భుజం మీద దిగింది. పైకి పోలేదు అన్నయ్యా. దాన్ని నేలకు నొక్కి పట్టి అలాగే ఉండిపోయింది.

మిసెస్ ఆమ్‌స్టెడ్ కేక విని నేను పరుగెత్తాను. బటన్ నొక్కాలన్న ఆలోచన కూడా రాలేదు. మోటారు పట్టు విడిపించడానికి నువ్వెప్పుడో చూపించిన ఎర్ర తాడు ఒక్కటే గుర్తొచ్చింది. అది లాగి తలుపు రెండు చేతులతో ఎత్తాను. టెస్సా ఏడవలేదు. ఏడ్చే ఊపిరి లేదు. ఫ్లాస్కు పక్కనే దొర్లుతోంది.

బతికింది. మొదట అదే రాయవలసింది, బతికింది. గూడ ఎముక విరిగింది. భుజంలో నరాలు సాగిపోయాయట. ఎడమ చేయి పైకి లేవడం లేదు. లేస్తుందో లేదో సంవత్సరం దాకా చెప్పలేమన్నారు.

డ్వేన్ ఇరవై నిమిషాల తర్వాత ఫ్లాస్కు కోసం తిరిగొచ్చాడు. అప్పుడు నేనేమన్నానో నీకు రాయను. చూడకుండా నొక్కాడు. అంతే.

మార్లిస్

* * *

ఈలీ
జూన్ 1

నా చెల్లీ,

నీ ఉత్తరం పట్టుకుని పొద్దుటి నుంచి కూర్చున్నాను. ఈ కాలు నరికేసి అయినా వచ్చేవాణ్ణి. ఇల్మీని కారు నడపమని బతిమాలాను. ఆవిడకు ఈలీ దాటితే దారి తెలియదు.

పిల్లకు నొప్పి తగ్గిందా? రాత్రిళ్ళు నిద్రపోతోందా? ఎడమ చేయి అన్నావు, దేవుడి దయవల్ల అది కుడిచేతి వాటం పిల్ల. ఇలా రాయకూడదు, తెలుసు. ఏదో ఒకటి పట్టుకోవాలి కదా.

ఒక్క సంగతి చెప్పు. చెక్క తగిలినా, మనిషి తగిలినా ఆ తలుపు వెనక్కి పోవాలి. ఈ వేసవికి ముందు డ్వేన్ మోటారు మీద చేయి పెట్టాడా? ఏమైనా సరిచేశాడా? గుర్తు తెచ్చుకుని రాయి. ఇంకెవరినీ ఆ తలుపు ముట్టుకోనీయకు. మోటారు ప్లగ్గు పీకేసి ఉంచు.

నీ దగ్గర ఉండలేని అన్నయ్య
ఆర్వో

* * *

బ్లేన్
జూన్ 9

అన్నయ్యా,

ప్లగ్గు పీకేశాను. ఇప్పుడు వీధి గుమ్మంలోంచి వస్తున్నాం, పోతున్నాం. గ్యారేజీ వైపు నడిస్తే టెస్సా నా స్కర్టు పట్టుకుంటుంది.

నువ్వడిగినదానికి జవాబు ఒక్క ముక్క. ముట్టుకోలేదు. ఒక నూనె చుక్క కూడా వేయలేదు. చేతులు జేబుల్లోంచి తీస్తే కదా. నిన్న అదే అడిగాను. "అంత బరువైన తలుపు, ఒక్కసారైనా సరిగ్గా ఉందో లేదో చూశావా?" అన్నాను. ఆయన నేలవైపు చూస్తూ "లేదు" అన్నాడు. మాట్లాడితే బాగుండును. ఎదురు తిరిగితే బాగుండును. తిండి దగ్గర టెస్సాకు చెంచాతో పెట్టి, లేచి వెళ్ళిపోతాడు.

మార్లిస్

* * *

ఈలీ
జూన్ 14

మార్లిస్,

ముట్టుకోలేదా! అతనికి అప్పగించింది ఒక్క పని. సంవత్సరంలో ఒక్కటంటే ఒక్క పని. ఐదేళ్ళ పిల్లను ఇంట్లో పెట్టుకుని ఆ ఒక్కటి చేయలేకపోయాడా? నిచ్చెన ఎక్కి దిగడానికి ఐదు నిమిషాలు పట్టదు. బాకాలు ఊదించడానికి తీరిక ఉంటుంది, దీనికి ఉండదు. నా పనివాడై ఉంటే ఆ రోజే పొమ్మనేవాణ్ణి. ఆ పిల్ల చేయి అతని ఖాతాలో పడ్డట్టే. అతని మొహం నేను చూడను.

ఇంతకన్నా రాస్తే బూతులు వస్తాయి.

ఆర్వో

* * *

బ్లేన్
జూన్ 30

అన్నయ్యా,

నీ ఉత్తరం డ్వేన్ కాఫీ కప్పు పక్కన పెట్టాను. నేనొక్కదాన్నే అంటున్నానా, పని తెలిసినవాడూ అదే అంటున్నాడు, చూసుకో అని. రెండుసార్లు చదివాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రానికి సెయింట్ క్లౌడ్‌లో వాళ్ళ తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆదివారాలు వచ్చి టెస్సాను చూసి వెళ్తున్నాడు, వరండాలోనే కూర్చుంటాడు.

పిల్ల వ్యాయామాలకు వెళ్తోంది. గోడ మీద వేళ్ళను సాలీడులా పైకి పాకించాలి. ఇవాళ స్విచ్చు దాకా పాకించింది. "నాన్నకు చూపిస్తా" అంది. ఇవాళ ఆదివారం కాదు, నాన్న రాడు అని ఎలా చెప్పను, ఇవాళ ఆదివారమే. వచ్చి వెళ్ళిపోయాడు.

నువ్వు నా పక్కన నిలబడ్డావు. అది ఒక్కటే నాకు మిగిలింది.

మార్లిస్

* * *

ఈలీ
ఆగస్టు 11

మార్లిస్‌కి,

నిన్న డ్వేన్ వచ్చాడు. ఇంత ఎండలో నాలుగున్నర గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడు. నేను కర్రల మీద పెరట్లో ఉన్నాను. లోపలికి రమ్మని కూడా అనలేదు. అతను జేబులోంచి నా ఉత్తరం తీశాడు. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది.

"బావగారూ, తిట్టండి, పడతాను. చూడకుండా నొక్కింది నేనే. కానీ ఈ ఒక్క పని ఏంటో చెప్పండి. నాకు అప్పగించారని రాశారు. రెండు నెలల నుంచి బుర్రంతా వెతుక్కుంటున్నాను, దొరకట్లేదు. మర్చిపోయుంటే మర్చిపోయానని ఒప్పుకుంటాను."

"ఏప్రిల్లో నాబ్ వెనక్కి తిప్పమన్నది" అన్నాను.

"ఏ నాబ్?" అన్నాడు.

అతను నటించడం లేదు మార్లిస్. వాడికి తెలియదు. ఎందుకు తెలియలేదో చెప్తాను. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు, చలికి తలుపు దిగడం లేదని, మోటారు బలం పెంచింది నేను. ఎండలు రాగానే తగ్గించాలి. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. అతనికి చెప్పాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. చెప్పలేదు. అతన్ని కూర్చోబెట్టి చెప్పాను, క్షమించమన్నాను. అతను నా కట్టెలు చీల్చి పెట్టి వెళ్ళిపోయాడు. నా కాలు బాగాలేదని.

తలుపు పిల్లను వదలకపోవడం నా తప్పు. నీది కాదు, డ్వేన్‌ది కాదు. అతన్ని ఇంటికి పిలుచుకో.

ఆర్వో

* * *

బ్లేన్
ఆగస్టు 18

ఆర్వోకి,

నువ్వా? నువ్వే తిప్పి, నువ్వే మర్చిపోయి, నా చేత నా మొగుణ్ణి వెళ్ళగొట్టించావా? "అతని మొహం చూడను" అని రాశావు. ఆ ఉత్తరాన్ని నేను ఆయన కాఫీ పక్కన పెట్టాను, నా చేత్తో పెట్టాను. ఊళ్ళోవాళ్ళ తలుపులకు నెల నెలా చెక్క పెట్టి చూడమని చెప్తావు. నా ఇంటికి వచ్చేసరికి నోరు పడిపోయిందా?

డ్వేన్‌కు ఫోన్ చేశాను. "నీ తప్పు కాదట" అన్నాను. "నొక్కింది నేనే కదా" అన్నాడు. అంతే, పెట్టేశాడు. రెండు నెలలు అన్న మాటలు ఒక్క ఫోన్‌తో పోతాయా?

కొంతకాలం రాయకు. రావద్దు కూడా.

మార్లిస్

* * *

బ్లేన్
సెప్టెంబర్ 15

అన్నయ్యా,

రాయవద్దన్నాను, నువ్వు రాయలేదు. ఎప్పుడూ నా మాట విననివాడివి ఇప్పుడే విన్నావు.

టెస్సాను బళ్ళో చేర్చడానికి టీకాల కార్డు కావలసి వచ్చి, ఉత్తరాలు దాచే బిస్కెట్ల డబ్బా బోర్లించాను. నీ జనవరి ఉత్తరం దొరికింది. రెండో కాగితం మీద నా కాఫీ మరక ఉంది, అంటే చదివాను. చేపల కబురు కిందే ఉంది. తెల్ల నాబ్. ఒకటిన్నర చుట్టు. ఏప్రిల్. డ్వేన్‌కు చెప్పు. టెస్సాను తలుపు కిందికి పోనీయకండి. అన్నీ ఉన్నాయి. వంటింటి నేల మీద కూర్చుని చదివాను.

ఆ నెల ఆయన అలిగి ఉన్నాడని ఆగాను. తర్వాత నెల టెస్సాకు జ్వరం. మార్చిలో తలుపు చక్కగా దిగుతోంది కదా, ఇంక గుర్తెందుకుంటుంది? మంచు కరిగింది. ఫ్లాస్కు ఇచ్చి తలుపు కిందికి పంపింది కూడా నేనే.

నేను నిన్ను అన్నేసి మాటలన్నాను. నువ్వు నోరెత్తలేదు. ఎందుకు అబద్ధం చెప్పావు?

కాగితం పట్టుకుని సెయింట్ క్లౌడ్ వెళ్ళాను. డ్వేన్ చదివి కాగితం మడిచి నాకిచ్చాడు. తర్వాత అన్నాడు:

"ఏప్రిల్లో తలుపు దబ్బుమని నేలకి కొట్టుకుంటోందని నాకు తెలుసు మార్లీ. ఏదో తేడాగా ఉందనిపించింది. రెండుసార్లు నిచ్చెన తీశాను."

"తీసి?"

"మళ్ళీ పెట్టేశాను. నాది బాకాల పని కదా."

అందుకే నీకు రాస్తున్నాను. ఇది నీకు తెలియాలి. కోపంతో కాదు, దాచడం నాకు చేతకాక.

మార్లిస్

* * *

ఈలీ
సెప్టెంబర్ 22

నా చెల్లీ,

ఎందుకంటే నువ్వు తల్లివి. పిల్ల చేయి చూసినప్పుడల్లా నీకది గుర్తుకు రాకూడదనుకున్నాను. నేను ఇక్కడ ఒంటరివాణ్ణి, నామీద ఒక తప్పు ఎక్కువైతే ఏం, తక్కువైతే ఏం అనుకున్నాను. "డ్వేన్‌కు చెప్తాలే" అన్న నీ ఉత్తరం నా దగ్గరే ఉంది. పొయ్యిలో వేద్దామని రెండుసార్లు తీశాను. నీ అక్షరాలు చూసి వేయలేకపోయాను.

అదేమీ నన్ను విడిపించదు. ఏప్రిల్‌లో నీకు ఉత్తరం రాశాను కదా. కాలు, పిల్లి, చారు, సూది. కాగితం నిండా నా గోడే. నాబ్ గురించి ఒక్క మాట లేదు. ఏప్రిల్ అని తేదీ వేసి కూడా నాకు గుర్తు రాలేదు.

డ్వేన్ నిచ్చెన తీసి మళ్ళీ పెట్టేశాడన్న మాట నన్ను తినేస్తోంది. వాడికి తెలిసింది. పని తెలిసిన నాకు తెలియంది, బాకాలవాడి చెవికి తెలిసింది. ఆ పండగ భోజనం దగ్గర నేను నవ్వించిన నలుగురి పేర్లు కూడా నాకిప్పుడు గుర్తులేవు.

ఆర్వో

* * *

బ్లేన్
నవంబర్ 10

అన్నయ్యా,

అక్టోబర్ ఆఖరున, హాలోవీన్ రోజు మొదలైన మంచు మూడు రోజులు ఆగలేదు. మీకూ పడి ఉంటుంది. మిసెస్ ఆమ్‌స్టెడ్ తలుపు తెరిస్తే గోడలా మంచు నిలబడి ఉంది, ఆవిడ మళ్ళీ మూసుకుంది.

డ్వేన్ అక్టోబర్‌లో ఇంటికి వచ్చాడు. కింది గదిలో పడుకుంటున్నాడు. ఒకే బల్ల దగ్గర తింటున్నాం, మర్యాదగా ఉప్పు అడిగి తీసుకుంటున్నాం. ఇంతవరకే. టెస్సా చేయి భుజం దాకా లేస్తోంది. జడ తనే వేసుకుంటానని ఏడుస్తుంది, కుదరదు.

నువ్వు పంపిన మనిషి సెప్టెంబర్‌లోనే నాబ్ సరిచేశాడు, గోడ మీది బటన్ పిల్లకు అందని ఎత్తుకు మార్చాడు. ఇప్పుడు మంచు మొదలవగానే తలుపు పాత పాటే పాడింది. దిగుతుంది, అంచు దగ్గర గడ్డకట్టిన మంచుకు తగిలి పైకి పోతుంది. నాలుగుసార్లు పోయింది. నిచ్చెన అక్కడే ఉంది. ఇద్దరం దానివైపు చూడలేదు. డ్వేన్ పార తెచ్చి ముప్పావుగంట ఆ మంచును గీకాడు, తలుపు అంచు రబ్బరును గుడ్డతో తుడిచాడు, చెవులు ఎర్రగా కందిపోయాయి. ఐదోసారి తలుపు బుద్ధిగా దిగింది.

ఆ రోజు ఒకటో తారీఖు. ప్రతి ఒకటో తారీఖున చెక్క పెడుతున్నాం. ఈసారి టెస్సా చూస్తానంది. దూరంగా, నా వెనక నిలబడింది. చెక్కకు తగలగానే తలుపు ఆగి వెనక్కి పోయింది. టెస్సా చూసి అడిగింది:

"చెక్కకి తగిలితే వెళ్ళిపోయిందిగా. నాకు తగిలినప్పుడు ఎందుకు వెళ్ళలేదు?"

డ్వేన్ నావైపు చూశాడు, నేను డ్వేన్ వైపు చూశాను. "మామయ్యను అడుగుదాం, ఆయనకు తలుపుల సంగతి తెలుసు" అన్నాడు డ్వేన్. ఎగతాళి కాదు. నిజంగానే అన్నాడు.

రావద్దన్న మాట మర్చిపో. వచ్చి దానికి నువ్వే చెప్పు.

మార్లిస్

* * *

ఈలీ
నవంబర్ 17

చిట్టితల్లి టెస్సాకు, మామయ్య రాసేది. అమ్మ చదివి వినిపిస్తుంది, నాన్న కూడా పక్కన కూర్చోవాలి.

నువ్వు మంచి ప్రశ్న అడిగావు. మీ తలుపుకు ఏదైనా తగిలితే వెనక్కి పోవాలని దానికి నేర్పి ఉంటారు. పోయిన చలికాలం మామయ్య నిచ్చెన ఎక్కి, ఆ నేర్పింది చెడగొట్టాడు. చలిలో మీ అమ్మ కారు దిగే పని లేకుండా చేద్దామనుకున్నాడు. ఎండలు రాగానే మళ్ళీ నేర్పాలి. ఎవరూ నేర్పలేదు. అందుకే నీకు తగిలినప్పుడు దానికి తెలియలేదు.

ఇంకో సంగతి ఉంది. ఇది మీ అమ్మకు కూడా చెప్పలేదు. నేను నిచ్చెన మీద ఉన్నప్పుడు మీ నాన్న వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో గిన్నెలు తుడిచే గుడ్డ ఉంది. "సాయం కావాలా బావగారూ?" అన్నాడు. ముందురోజు నేను అంతమందిలో నవ్వులపాలు చేసినవాడు, వచ్చి అడిగాడు. నేను కిందికి చూడకుండా "అక్కర్లేదు" అన్నాను. ఇక్కడ ఇది తిప్పాను, ఏప్రిల్‌లో వెనక్కి తిప్పు అని చెప్పడానికి ఒక్క ఊపిరి పట్టేది కాదు. తలుపు గురించి అతనికి ఏదైనా అప్పగించడం నాకు నామోషీ అనిపించింది. ఇంటికి పోయి, కాగితం మీద, చేపల కబురు కింద, మీ అమ్మకు రాశాను. తర్వాత మీ నాన్న మరచిపోయాడని తిట్టాను.

నీ చేయి పైకి లేవకపోవడానికి కారణం ఆ "అక్కర్లేదు" అన్న మాట తల్లీ. పెద్దయ్యాక నీకు నామీద కోపం వస్తే, రానీ. అది న్యాయమే.

నెలాఖరుకు బస్సులో వస్తున్నాను. అడ్డంగా ఏదైనా ఉంటే కనిపెట్టే రెండు కళ్ళున్న కొత్త మోటారు తెస్తున్నాను. డ్వేన్, కట్టు విప్పినా డాక్టరు నన్ను నిచ్చెన ఎక్కవద్దన్నాడు. ఎక్కమన్నా ఎక్కను. ఒకటో తారీఖున చెక్క టెస్సా పెడుతుంది. బటన్ మార్లిస్ నొక్కుతుంది. మోటారు నువ్వు బిగించాలి. నీకు సాయం కావాలంటే, నేను కింద నిలబడి నిచ్చెన పట్టుకుంటాను.

ఆర్వో